మూత్రం ఇబ్బందికీ, దాంపత్యానికీ సంబంధం ఉందా?

ప్రశ్న: డాక్టరు గారూ, నా వయసు 63. రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేవాల్సి వస్తోంది. అంగస్తంభన కూడా తగ్గింది. టామ్సులోసిన్ మాత్రతో ధార మెరుగైంది కానీ, కలయికలో వీర్యమే రావడం లేదు. మా ఆవిడకు చెప్పలేక నలిగిపోతున్నాను. - ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: సంబంధం ఉందండి. మీ వయసులో ఈ రెండూ జంటగా రావడం చాలా మామూలు. ప్రోస్టేట్ (మూత్రాశయం కింద ఉండే గ్రంథి), మూత్రాశయం మెడ, పురుషాంగం, ఈ మూడింటి కండరాలూ సరిగా సడలాలి. మధుమేహం, రక్తపోటు, పొగ అక్కడి రక్తనాళాలను దెబ్బతీస్తాయి. అంగస్తంభన తగ్గడం ఒక్కోసారి గుండెజబ్బుకు తొలి సూచన. అందుకే షుగరు, బీపీ, గుండె పరీక్షలు తప్పక చేయించుకోండి.

వీర్యం సంగతి వేరు. టామ్సులోసిన్ మాత్ర మూత్రాశయం మెడనే కాక, వీర్యాన్ని బయటికి నెట్టే కండరాలనూ వదులు చేస్తుంది కాబట్టి అలా జరుగుతుంది. ప్రమాదం లేదు, మందు మారిస్తే సాధారణంగా సర్దుకుంటుంది. మీ అంతట మీరు మాత్రం ఆపకండి.

మూత్రం ఇబ్బందికీ, అంగస్తంభన తగ్గడానికీ పనికొచ్చే టడలాఫిల్ 5 మిల్లీగ్రాముల మాత్రకు అమెరికాలో 2011లో అనుమతి లభించింది. అయితే ఛాతీనొప్పికి నైట్రేట్ మాత్రలు వాడేవారు దాన్ని ముట్టనే కూడదు, రక్తపోటు ప్రాణాపాయంగా పడిపోతుంది. దుకాణంలో అడిగి కొనుక్కోవద్దు. ప్రస్తుతం వాడే మందులన్నీ తీసుకుని, మీ ఆవిడతో కలిసి యూరాలజిస్టును కలవండి.