బాలింతకు పాలు పడాలంటే: చెల్లెలికి ఒక ఉత్తరం

చెల్లీ,

పురుడు వచ్చి నాలుగు రోజులైనా మీ అమ్మాయికి పాలు సరిగా పడలేదని, ఏం పెట్టమంటావని అడిగావు. పెట్టాల్సినవి చెబుతాను కానీ ముందు ఒక సంగతి విను. రొమ్ము ఎంత ఖాళీ అయితే అంత పాలు ఊరతాయి. రోజుకు 8 నుంచి 12 సార్లు, అర్ధరాత్రి కూడా బిడ్డను పట్టించాలి. పిల్ల నిద్ర చెడుతుందని రాత్రి డబ్బా పాలు పోస్తే ఆ మేరకు పాలు తగ్గుతాయి, ఇక నువ్వు ఎన్ని మెంతులు తినిపించినా లాభం ఉండదు. బిడ్డ నోరు బాగా తెరిచి, చనుమొన ఒక్కటే కాకుండా చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా అందుకోవాలి. గడ్డం రొమ్ముకు ఆనాలి. చనుమొనలు పగిలి నొప్పిగా ఉన్నాయంటే చాలావరకు పట్టు సరిగా లేదన్నమాటే.

మొదటి రెండు మూడు రోజులు వచ్చే ముర్రుపాలు చెంచాల లెక్కలోనే ఉంటాయి. అవి చూసి కంగారుపడొద్దు. సిజేరియన్ అయితే పాలు పడటం ఇంకో రోజు ఆలస్యం కావచ్చు.

ఇక వంటింటి సంగతి. బాలింతకు మునగాకు తెలగపిండి కూరను మించింది లేదని నా నమ్మకం. తెలగపిండి అంటే గానుగలో నువ్వుల నూనె తీశాక మిగిలే చెక్కే. మనుషులు తినేది కావాలని అడిగి కొను, పశువుల దాణాకు అమ్మే చెక్క వద్దు. కొంచెం చేతిలో నలిపి వాసన చూడు. కమ్మగా ఉంటే సరే, ముక్కిన వాసన గానీ బూజు గానీ ఉంటే ఎంత ఖరీదు పెట్టినా పారెయ్యి. అమ్మాయికి నువ్వులు పడవంటే ఈ కూర జోలికి పోవద్దు.

లేత మునగాకు పుల్లలు లేకుండా దూసి రెండు కప్పులు తీసుకో. కప్పు నీళ్ళలో పసుపు, ఉప్పు వేసి మరిగాక ఆకు వెయ్యి. ఏడెనిమిది నిమిషాల్లో మెత్తబడుతుంది. అప్పుడు మంట బాగా తగ్గించి, అరకప్పు పిండిని ఆకు మీద కుప్పగా పోసి మూత పెట్టు. అయిదు నిమిషాలు కలపొద్దు, ఇక్కడే చాలామంది తొందరపడతారు. పిండి ఆవిరికి ఉడకక ముందే గరిట పెడితే ముద్దయి అడుగంటుతుంది. తర్వాత గరిట కాడతో పొడిచి, కింద నుంచి తిరగేసి, మూత లేకుండా పొడిపొడిగా అయ్యేదాకా ఉంచు. తడి ఎక్కువైతే సన్నమంట మీద ఇంకాసేపు వదిలెయ్యి, పిండి పచ్చిగా కనిపిస్తే చేత్తో నీళ్ళు చిలకరించు. రెండు చెంచాల నూనెలో ఆవాలు, మినప్పప్పు, జీలకర్ర, రెండు ఎండుమిర్చి, కరివేపాకు, కచ్చాపచ్చాగా దంచిన ఎనిమిది వెల్లుల్లి రెబ్బలతో పోపు పెట్టు. వెల్లుల్లి మాడితే కూరంతా చేదవుతుంది. వేడన్నంలో నెయ్యి వేసి కలిపి పెట్టు. వారానికి మూడు నాలుగు సార్లు చాలు. ఫిలిప్పీన్స్‌లో కూడా బాలింతలకు మునగాకు వేసిన సూప్ ఇస్తారు. అక్కడ చేసిన చిన్న పరిశీలనల్లో పాలు పెరిగినట్టు కనిపించింది.

మెంతులు చెంచాడు రాత్రి నానబెట్టి, ఉబ్బిన గింజలతో సహా ఉదయం తినిపించు. చెమటకూ మూత్రానికీ బెల్లం పాకం లాంటి వాసన వస్తుంది, ఒక్కోసారి బిడ్డకు కూడా. అందుకు భయం లేదు. తల్లికి గానీ బిడ్డకు గానీ విరేచనాలైతే మాత్రం ఆపెయ్యాలి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్, రక్తం పలుచబడే మందులు వాడుతుంటే డాక్టరును అడగకుండా మెంతులు మొదలుపెట్టొద్దు. వేరుశనగ, శనగలు పడని వాళ్ళకు మెంతులు కూడా పడకపోవచ్చు. పిల్లిపీచర, అదే శతావరి చూర్ణం, విడిగా కట్టిన పొట్లాల్లో కొనకు, వైద్యుడు రాసిస్తేనే వాడు. ఏదైనా ఒక్కొక్కటిగా మొదలుపెట్టి మూడు నాలుగు రోజులు చూడు. అన్నీ ఒకేసారి పెడితే ఏది పడలేదో తెలియదు.

పథ్యం పేరుతో నీళ్ళు తగ్గించడం, కూరలు మానిపించడం నాకు అసలు నచ్చదు. మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క కట్టింది. కారం అన్నంతో అవి ఎక్కడి నుంచి వస్తాయి? పప్పు, ఆకుకూర, సొరకాయ, పాలు, గుడ్డు పెట్టు. పాలిచ్చే ప్రతిసారీ పక్కన గ్లాసుడు నీళ్ళు ఉంచు. దాహానికి తాగితే చాలు, బలవంతంగా తాగించినంత మాత్రాన పాలు పెరగవు. మల్లెపూలు రొమ్ముకు కట్టనివ్వకు, అది పాలు ఎండగట్టడానికి చేసే పని. ఆరు నెలల దాకా బిడ్డకు మంచినీళ్ళు పట్టొద్దు. తేనె ఏడాది నిండేదాకా వద్దు.

పాలు చాలుతున్నాయో లేదో రొమ్ము బరువును బట్టి తేల్చకు. అయిదో రోజు దాటాక బిడ్డ ఒక పగలూ రాత్రీ కలిపి ఆరుసార్లయినా మూత్రం పోయాలి. పుట్టినప్పటి బరువు రెండు వారాల్లోపు తిరిగి రావాలి. మూత్రం ఇటుక రంగులో ఉన్నా, బిడ్డ లేపినా లేవకుండా మగతగా ఉన్నా, తల్లికి జ్వరంతో రొమ్ము ఎర్రబడి గట్టిపడినా కూరలతో కాలయాపన చేయకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళు. థైరాయిడ్, కడుపులో మిగిలిపోయిన మాయ ముక్క, కాన్పులో ఎక్కువ రక్తం పోవడం వల్ల కూడా పాలు పడవు. వాటికి మందు వేరే ఉంది. ఇవాళ్టి నుంచి క్యాలెండరు మీద మూత్రం లెక్క గీతలు గీస్తూ ఉండు, డాక్టరు మొదట అడిగేది అదే.

మీ అక్క