హన్నమ్‌డాంగ్ ఇంటికి 30 కోట్ల వాన్ల డిపాజిట్ కట్టాలా?

ప్రశ్న: మావారికి రెండేళ్లకు సోల్ బదిలీ అయింది. హన్నమ్‌డాంగ్‌లో, భారత రాయబార కార్యాలయానికి దగ్గర్లో ఒక విల్లా చూశాం. 30 కోట్ల వాన్ల డిపాజిట్ కడితే అద్దె లేదన్నారు. లేదా 5 కోట్ల డిపాజిట్, నెలకు 13 లక్షల వాన్ల అద్దె. ప్లాటు అమ్మిన డబ్బు హైదరాబాద్‌లో ఎఫ్‌డీలో ఉంది. అది తీసి అద్దె లేని పద్ధతికి వెళ్లమంటారా?

జవాబు: వద్దమ్మా. అద్దె కట్టే దారే పట్టండి.

అద్దె లేనిదాన్ని జొన్సే అంటారు, నెలనెలా కట్టేదాన్ని వోల్సే అంటారు. రెండింటి డిపాజిట్లకూ తేడా 25 కోట్ల వాన్లు. రూపాయికి 16 వాన్ల లెక్కన 1.56 కోట్ల రూపాయలు. అద్దె ఏడాదికి 9.75 లక్షల రూపాయలు. అదే సొమ్ము 7 శాతం ఎఫ్‌డీలో ఉంటే 30 శాతం శ్లాబు పన్ను, సెస్సు పోను ఏడున్నర లక్షలు చేతికొస్తుంది. అంటే జొన్సేతో మిగిలేది ఏడాదికి రెండు లక్షల చిల్లర. రెండేళ్ల తర్వాత రూపాయికి 17 వాన్లయితే ఆ 25 కోట్లు 1.47 కోట్ల రూపాయలే అవుతాయి. తొమ్మిది లక్షలు పోతాయి. మారకం మీకు కలిసి రావచ్చు కూడా, కానీ ఇంటి అద్దె కోసం ఆడాల్సిన పందెం కాదిది.

అసలు భయం అది కాదు, డిపాజిట్ తిరిగి రాకపోవడం. కొరియాలో విల్లా అంటే మనమనుకునే విల్లా కాదు, నాలుగైదు అంతస్తుల చిన్న అపార్ట్‌మెంటు. పెద్ద కాంప్లెక్సుల్లోలా తరచూ అమ్మకాలుండవు, అసలు ధర ఎంతో తేల్చడం కష్టం. ఇల్లు 120 కోట్ల వాన్లది, బ్యాంకు తాకట్టు 60 కోట్లు అనుకోండి. వేలంలో 70 శాతమే పలికితే 84 కోట్లు. బ్యాంకు తీసుకోగా 24 కోట్లు. మీ 30 కోట్లలో 6 కోట్లు గల్లంతు.

అందుకే ఏ దారైనా ముందు దుంగిబు, అంటే రిజిస్ట్రీ పత్రం తీయించండి. ఆన్‌లైన్‌లో చూడటానికి 700 వాన్లు. గప్గు భాగంలో యజమాని పేరు, ఉల్గు భాగంలో తాకట్లు ఉంటాయి. అందులో రాసేది గరిష్ఠ హామీ మొత్తం, అంటే తాకట్టుపై బ్యాంకు రాబట్టుకోగల గరిష్ఠ సొమ్ము, సాధారణంగా అప్పుకు 120 శాతం. సంతకం చేసే రోజు ఒకసారి, మిగతా డబ్బు కట్టే రోజు పొద్దున మరోసారి చూడండి. డబ్బు యజమాని పేరున్న ఖాతాకే వెళ్లాలి.

ఇక్కడో చిక్కుంది. ఇంట్లో చేరి చిరునామా నమోదు చేసుకున్నా మీకు చట్టరక్షణ మర్నాడు సున్నా గంటల నుంచే, అంటే ఆ రాత్రి 12 దాటాకే మొదలవుతుంది. తాకట్టు మాత్రం రిజిస్టరైన రోజే చెల్లుతుంది. ఆ ఒక్కరోజు సందులో యజమాని అప్పు తెస్తే బ్యాంకు మీకన్నా ముందుంటుంది. "డబ్బు కట్టిన మర్నాటి దాకా కొత్త తాకట్టు పెట్టకూడదు, పెడితే ఒప్పందం రద్దు, డిపాజిట్ వాపసు" అని ప్రత్యేక షరతు రాయించండి. చేరిన రోజే గు (నగరంలోని పాలనా విభాగం) ఆఫీసులో చిరునామా ఇచ్చి, ఒప్పందంపై ఖరారు తేదీ ముద్ర, అంటే అది ఏ రోజుదో ధ్రువీకరించే అధికారిక ముద్ర వేయించుకోండి. విదేశీయులకు ఈ రక్షణ విదేశీయుల నమోదుతో ముడిపడి ఉంది. కాబట్టి మొదటి కొన్ని వారాలు సర్వీస్డ్ అపార్ట్‌మెంటులో ఉండి, కార్డు వచ్చాకే సంతకం చేయండి.

మీ 5 కోట్లకు ఇంకో అండ ఉంది. సోల్‌లో 16.5 కోట్ల వాన్ల లోపు డిపాజిట్ ఉన్నవారికి, 2023 ఫిబ్రవరి 21 నుంచి పెట్టిన తాకట్ల విషయంలో, బ్యాంకు కన్నా ముందే 5.5 కోట్ల దాకా ఇస్తారు. వేలం నమోదు కాకముందే మీరు చేరి, చిరునామా ఇచ్చి ఉండాలి. ఇంటి విలువలో సగం దాటి పంచరు. 30 కోట్ల జొన్సేకు ఈ అండ లేదు.

ఒకటి గమనించండి: కంపెనీ పేరున ఒప్పందం రాస్తే ఈ రక్షణలు మామూలుగా వర్తించవు. అప్పుడు డిపాజిట్ కంపెనీయే కట్టాలి, మీ డబ్బు పెట్టొద్దు.

ఏజెంటు రుసుము పరిమితి: 5 కోట్లకు వంద నెలల అద్దె 13 కోట్లు కలిపి 18 కోట్లలో 0.3 శాతం, అంటే 5.4 లక్షల వాన్లు, పైన వ్యాట్. అంతకు మించి అడిగితే కట్టొద్దు.

5 కోట్ల వాన్ల డిపాజిట్‌కు ఇండియా నుంచి పంపాల్సింది సుమారు 31 లక్షల రూపాయలు. బయల్దేరకముందు పంపితే ఏడాదికి 10 లక్షలు దాటిన దానిపై 20 శాతం టీసీఎస్ (బ్యాంకు ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు. రిటర్నులో వెనక్కొస్తుంది గానీ అప్పటిదాకా ఇరుక్కుంటుంది. ఇద్దరి పాన్‌లపై సగం సగం పంపండి. వెళ్లాక అయితే ఖాతాలను ఎన్‌ఆర్‌ఓగా, అంటే ప్రవాసుల రూపాయి ఖాతాలుగా మార్చి, పన్ను శాఖకిచ్చే ప్రకటన, సీఏ ధ్రువపత్రంతో పంపాలి.

ఖాళీ చేస్తామని గడువుకు రెండు నెలల ముందే రాతపూర్వకంగా చెప్పండి. డిపాజిట్ చేతికి రాకముందు చిరునామా మాత్రం మార్చొద్దు. తప్పనిసరిగా వెళ్లాల్సి వస్తే కోర్టు ద్వారా అద్దె హక్కును రిజిస్ట్రీలో ఎక్కించుకున్నాకే కదలండి.