మార్కులు 4.6, ఫిర్యాదులు ఎప్పటిలాగే

ప్రశ్న: కస్టమర్ కేర్‌లో ఫోన్లు ఎత్తే మా టీమ్‌కి రెండు రోజుల ట్రైనింగ్ పెట్టించాను. ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో 5కి 4.6 వచ్చింది. రెండు నెలలైనా ఫిర్యాదులు మాత్రం తగ్గలేదు. ట్రైనింగ్ పనికొచ్చిందో లేదో రిపోర్ట్ ఇవ్వమంటున్నారు మా మేనేజర్. ఏం రాయను?
– ఓ పాఠకురాలు

జవాబు: ముందు ఆ 4.6ని పక్కన పెట్టండమ్మా. 20 ఏళ్ళు క్లాసులు చెప్పినవాణ్ణి, ఆ ఫారాలు ఎలా నిండుతాయో నాకు తెలుసు. ఆఖరి ఐదు నిమిషాల్లో, బ్యాగు భుజాన వేసుకుని, ఒక కాలు గుమ్మం బయట పెట్టి నింపుతారు. పాఠం చెప్పినవాడు ఎదురుగా నిలబడి నవ్వుతుంటే రెండు మార్కులు వేయడానికి ఎవరికి చేయొస్తుంది? నాకు నిండా 5 వేసిన ఒకాయన ఫారం వెనక "క్లాసు చాలా బాగుంది, ఏసీ కాస్త తగ్గించాల్సింది" అని రాశారు. 'ఏం నేర్చుకున్నారు' అన్న గడి మాత్రం ఖాళీ.

1959లో డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే అమెరికన్ ప్రొఫెసర్ ఈ లెక్కని నాలుగు మెట్లు చేశారు. నచ్చిందా, నేర్చుకున్నారా, సీట్లోకి వెళ్ళాక అలా చేస్తున్నారా, దానివల్ల సంస్థకి ఒరిగిందేమిటి. మీ చేతిలో ఉన్నది మొదటి మెట్టు, మేనేజర్ అడిగేది నాలుగోది. మీ జవాబు మూడో మెట్టు మీద దొరుకుతుందని నా అనుమానం.

ఎందుకంటే ఇది నాకూ ఎదురైంది. "అవతలివాళ్ళు చెప్పేది పూర్తయ్యేదాకా ఆగండి, తర్వాత వాళ్ళ సమస్యని మీ మాటల్లో ఒకసారి తిరిగి చెప్పండి" అని రెండు రోజులు నేర్పాను. నెల తర్వాత వెళ్ళి ఒకమ్మాయి పక్కన కుర్చీ వేసుకుని, రెండో హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్నాను. మొదటి కాల్ అచ్చం నేర్పినట్టే మొదలుపెట్టింది. మూడు నిమిషాలు దాటగానే స్క్రీన్ మూలన టైమర్ ఎర్రబడింది. అంతే, అవతలి పెద్దాయన మాట మధ్యలో ఉండగానే "సరే సర్, కంప్లైంట్ నోట్ చేసుకున్నాను" అనేసింది. అదేంటమ్మా అన్నాను. "మీరు చెప్పింది గుర్తుంది సర్. కానీ ఎరుపు ఎక్కువైతే సాయంత్రం టీమ్ లీడర్ పిలుస్తారు" అంది. నేను నేర్పింది ఒకటి, ఆఫీసు మెచ్చుకునేది ఇంకొకటి. టీమ్ లీడర్లని కూడా క్లాసులో కూర్చోబెట్టాలని నాకు అప్పటిదాకా తట్టనే లేదు. ఆ తప్పు నాదే.

మీ దగ్గర కాల్ రికార్డింగులు ఉంటే పని సగం అయినట్టే. ట్రైనింగ్‌కి ముందువి ఒక 20, తర్వాతవి ఒక 20 తీయండి. బాగున్నవి ఏరకండి, చీట్లు వేసి తీయండి. అన్నీ కలిపేసి, ఏవి ముందువో ఏవి తర్వాతవో తెలియని మనిషికి వినిపించండి. క్లాసులో నేర్పిన మూడు నాలుగు పనులు చేశారా లేదా, టిక్కు పెడితే చాలు. తేడా లేకపోతే ఒక పూట వాళ్ళ పక్కన కూర్చుని ఏది అడ్డుపడుతోందో చూడండి. తేడా కనిపిస్తే, ఆ ఫిర్యాదులు దేని మీద వస్తున్నాయో విడదీయండి. రీఫండ్ ఆలస్యమైతే మీవాళ్ళు ఎంత తీయగా మాట్లాడినా ఫిర్యాదు ఆగదు.

ఇందులో ఒక మెలిక ఉంది. అందరికన్నా వెనకబడ్డవాళ్ళనే క్లాసుకి పంపారా? ఒక నెల బాగా దిగజారినవాళ్ళు తర్వాతి నెల ఏ క్లాసూ లేకుండానే కొంత కోలుకుంటారు. ఆ క్రెడిట్ ట్రైనింగ్ ఖాతాలో వేసేయకండి. ఇంకా వెళ్ళని బ్యాచ్ ఉంటే వాళ్ళ అంకెలతో పోల్చి చూసుకోండి.

పెట్టిన ఖర్చుకి ఎంత తిరిగొచ్చిందో శాతాల్లో చూపించమంటారు కొందరు. ఒక్క టీమ్‌కి ఆ లెక్క వేస్తే అందులో ఊహే ఎక్కువుంటుంది. నేనైతే రాయను. రికార్డింగుల్లో తేలింది, పక్కన కూర్చున్నప్పుడు కనిపించింది, ఒక పేజీ చాలు. 4.6 సంగతి అడిగితేనే చెప్పండి.

ప్రశ్న: క్లాసు చివర పెట్టిన క్విజ్‌లో మావాళ్ళందరికీ 90 పైనే వచ్చాయి. అది చూపిస్తే సరిపోదా?
– ఇంకో పాఠకుడు

జవాబు: పొద్దున విన్నది సాయంత్రానికి ఎటు పోతుందండీ? హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాల గుంపుల్ని తానే బట్టీపట్టి, ఎంత త్వరగా మర్చిపోతున్నారో కొలిచి 1885లో ప్రచురించారు. ఒక్క రోజులోనే సగానికి పైగా జారిపోయింది. ఆఫీసు పాఠాలు అర్థంలేనివి కావనుకోండి, అన్నీ కాకపోయినా. నెల గడిచాక, చెప్పాపెట్టకుండా ఇంకోసారి పెట్టండి. ఈసారి "రూలు ఏమిటి" అని అడక్కండి, "కస్టమర్ ఇలా అంటే మీరేమంటారు" అని అడగండి. ఆ మార్కులు చూపించండి.