పరవాడ ఫార్మాసిటీలో ట్రైనీ కెమిస్ట్ ఇంటర్వ్యూ ఉంది. పొడవాటి కెమికల్ పేర్లకి నోరు తిరగడం లేదు. ఎలా ప్రాక్టీస్ చేయాలి?

పేరుని మొదటి నుంచి చదవకండి. ముందు తోక పట్టుకోండి. ఏన్, ఈన్, ఆల్, ఓన్... పదార్థం ఏ జాతిదో చెప్పేది అదే. తోక నోటికి కుదిరాక ముందు ముక్కలు ఒక్కొక్కటే తగిలించండి. డీడీటీనే తీసుకోండి: ఈథేన్. ట్రైక్లోరో ఈథేన్. డైఫినైల్ ట్రైక్లోరో ఈథేన్. డైక్లోరో డైఫినైల్ ట్రైక్లోరో ఈథేన్. మొత్తం 11 సిలబుల్స్ (పలుకులు). ఒక్క ఊపిరిలో లాగక్కర్లేదు గానీ, ఆగితే ముక్కకీ ముక్కకీ మధ్యే ఆగాలి. 'డైఫి' దగ్గర ఆగారో, పేరు తెలియదని దొరికిపోతారు.

సిలబుల్ మింగితే ఏమవుతుందంటారా? 2020 మే 7 గ్యాస్ లీక్ తర్వాత స్టైరీన్ పేరు వినని వాళ్లు విశాఖలో లేరు. రసాయన నామకరణ పద్ధతిలో దాని పేరు ఇథినైల్‌బెంజీన్, 5 సిలబుల్స్. దాన్ని తయారుచేసే ముడిసరుకు ఇథైల్‌బెంజీన్, 4 సిలబుల్స్. మధ్యలో ఆ ఒక్క సిలబులే తేడా, గబగబా చదివితే ఎగిరిపోయేదీ అదే. స్టైరీన్ వేడెక్కితే తనంతట తానే పాలిమర్ అయిపోతూ ఇంకా వేడి పుట్టిస్తుంది, అందుకే దాన్ని అడ్డుకునే టీబీసీ లాంటి ఇన్‌హిబిటర్ కలిపి చల్లగా ఉంచాలి. ఇథైల్‌బెంజీన్‌తో ఆ గొడవ లేదు. మాస్కు పెట్టుకుని, మోటార్ల హోరులో చెప్పేటప్పుడు నైట్రైట్, నైట్రేట్‌లదీ ఇదే తంటా. తోకని సాగదీసి చెప్పండి, ఎవరు నవ్వినా సరే.

'ఇక్' తోక వస్తే నొక్కు దాని ముందు సిలబుల్ మీద పడుతుంది: అ'సీ'టిక్, అసిటైల్ శాలి'సి'లిక్. థాలిక్ యాన్‌హైడ్రైడ్ స్పెల్లింగ్‌లో మొదట ఉన్న 'పీ హెచ్' పలకదు, 'ఫ్తాలిక్' అనకండి.

ఈథైల్ అనేది బ్రిటిష్ పలుకుబడి, ఎథిల్ అమెరికన్‌ది. రెండూ ఒప్పే, ఒకే పేరులో కలపకుండా ఉంటే చాలు. యాస పెట్టమని వీడియోల్లో ఊదరగొట్టేవాళ్లని పట్టించుకోకండి, వాళ్లలో సగం మందికి ఎమీన్‌కీ ఎమైడ్‌కీ తేడా తెలియదు.

ప్లాంటులో ఎలాగూ అన్నీ పొట్టి పేర్లే: ఎండీసీ (మిథిలీన్ డైక్లోరైడ్), ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్), డీఎంఎఫ్. నన్నడిగితే అసలు ప్రమాదం అక్కడే ఉంది. డీఎంఎఫ్, డీఎంఏసీ రెండూ ఒకే షెడ్డులో ఉంటే డ్రమ్ము దించేటప్పుడు పూర్తి పేరు పైకి చదవాల్సిందే: ఎన్, ఎన్, డైమిథైల్ 'ఫార్మ'మైడా, డైమిథైల్ 'అసిట'మైడా?