పోయిన పెద్దల గురించి రాస్తుంటే అందరిదీ ఒకే కథలా ఎందుకు వస్తుంది?

ఈ మధ్య మీ కాలనీలో వరసగా కొందరు పెద్దలు పోయారు. వార్షిక సంచికలో వాళ్లను తలుచుకుంటూ తలా ఒక పేజీ రాయమని కమిటీ మీకు అప్పజెప్పింది. తీరా రాసి చూసుకుంటే, పేర్లు మార్చి ఎవరి పేజీ ఎవరికి పెట్టినా సరిపోయేలా ఉన్నాయంటున్నారు. మా సంఘంలో ఈ పని చాలాకాలంగా నా నెత్తిమీదే ఉంది కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

లోపం మీ రాతలో లేదండి. మనం వాళ్లను చూసింది చివరి పదేళ్లే. డెబ్భై దాటాక బయటివాళ్లకు అందరం ఇంచుమించు ఒకేలా కనిపిస్తాం. పొద్దున నడక, మందుల డబ్బా, మోకాళ్ల నొప్పులు, మనవల ఫోన్ కోసం ఎదురుచూపు. అది మాత్రమే చూసి రాస్తే 'మృదుస్వభావి, అందరితో కలుపుగోలుగా ఉండేవారు' అనే వస్తుంది, ఇంకేం వస్తుంది? మీరు రాయాల్సింది మీకు పరిచయం కాకముందున్న మనిషి గురించి.

మా దగ్గర ఒక పెద్దాయన ఉండేవారు. రీడింగ్ రూమ్‌లో ఎవరైనా పేపరు పరుచుకుని చదువుతుంటే, బల్లకు ఇవతల కూర్చునే తలకిందులుగా వార్తలు చదివేసేవారు. పిల్లలకు అదో మ్యాజిక్. ఆ విద్య ఎలా అబ్బిందని మాలో ఎవరికీ అడగాలనిపించలేదు. పోయాక సంతాప సభలో 'సౌమ్యులు, మితభాషి' అని నలుగురు మాట్లాడారు. తర్వాత ఆయనతో కలిసి పనిచేసిన ఒకాయన దొరికితే అసలు సంగతి తెలిసింది. ఈయన అచ్చు ప్రెస్సులో కంపోజిటర్. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి వరసగా పేర్చడం పని. అచ్చు అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. పేర్చిన వరసను తలకిందులుగా చూస్తూ తప్పులు సరిచూసుకోవాలి. ఉద్యోగమంతా అలా చదివిన కంటికి పేపరు ఎటు తిప్పి ఉన్నా ఒకటే. ఇంకో సంగతి కూడా ఆ స్నేహితుడే చెప్పారు. మిషన్ల చప్పుడు మధ్య ఏళ్ల తరబడి పనిచేసి ఈయనకు ఒక చెవి సరిగా వినపడేది కాదట. మేం మితభాషి అన్నది అందుకు! గుంపులో సగం మాటలు అందక ఊరుకునేవారు.

ఇలాంటివి బయటపడాలంటే ముందు ఎవరికి ఫోన్ చేయాలన్నది ముఖ్యం. నా సలహా, భార్యాపిల్లలకు కాదు. వాళ్లు దుఃఖంలో ఉంటారు, పైగా పిల్లలకు తెలిసింది తల్లిగా, తండ్రిగానే. తోబుట్టువులు, కలిసి పనిచేసినవాళ్లు, చదువుకునే రోజుల్లో స్నేహితులు ఉంటే వాళ్లతో మొదలుపెట్టండి. వాళ్లదీ అదే వయసు కనుక 'వచ్చే నెల మాట్లాడదాం' అని వాయిదా వేయకండి. ఇంట్లోవాళ్లను కొన్ని వారాలాగి కలిస్తే మంచిది. మొదటి రోజుల్లో అడిగితే ఆసుపత్రి సంగతులే చెబుతారు. ఆగి అడిగితే వాళ్లంతట వాళ్లే వెనక్కి వెళ్తారు.

'ఆయన ఎలాంటి మనిషి?' అని మాత్రం అడగొద్దు. అలా అడిగితే 'చాలా మంచివారు' అంటారు, అక్కడితో సరి. చేతులతో ఏం పని చేయగలిగేవారు, ఇంట్లో ఏ వస్తువును ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు, ఎవరితో మాటలు మానేశారు, మొదటి జీతం దేనికి ఖర్చుపెట్టారు, ఇరవై ఏళ్లప్పుడు ఏం కావాలనుకున్నారు అని అడగండి. ఆ చివరి ప్రశ్నకు పిల్లలు మొహమొహాలు చూసుకుంటారు. తమ్ముడో చెల్లెలో ఉంటే ఠక్కున చెబుతారు.

ఇరవై ఏళ్ల ప్రాయాన్ని అంతగా పట్టుకోవడానికి కారణం ఉంది. నలభై దాటినవాళ్లను మీ జీవితంలోంచి ఏవైనా జ్ఞాపకాలు చెప్పమంటే, ఈ మధ్య జరిగినవి పక్కన పెడితే, సుమారు పదేళ్ల వయసుకూ ముప్పై ఏళ్లకూ మధ్య జరిగినవే ఎక్కువగా చెబుతారు. 1980ల నుంచి మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాల్లో ఇది మళ్లీ మళ్లీ తేలింది. చదువు, మొదటి ఉద్యోగం, పెళ్లి, ఊరు మారడం, అన్నీ ఆ కాలంలోనే కదా. మన ఎదురుగా ఎనభై రెండేళ్ల మనిషి కూర్చున్నా, తన కథ తాను చెప్పుకునేటప్పుడు ఎక్కువసేపు ఉండేది ఆ ఇరవైల్లోనే.

ఎంత పొడుగు రాయాలని కూడా అడిగారు. తక్కువైనా ఫరవాలేదు. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత న్యూయార్క్ టైమ్స్ పత్రిక 'పోర్ట్రెయిట్స్ ఆఫ్ గ్రీఫ్' పేరుతో చనిపోయినవాళ్ల గురించి చిన్న పరిచయాలు వేసింది. ఒక్కోటి దాదాపు 200 పదాలు. ఆ ఏడాది చివరికే 1,800 పైచిలుకు వచ్చాయి. హోదాలూ డిగ్రీల జాబితా ఇవ్వకుండా, మనిషికి ఒక అలవాటో ఇష్టమో పట్టుకుని రాశారు. కంపెనీ పెద్దకూ హోటల్ వంటగదిలో పనిచేసిన మనిషికీ అదే కొలత. అయితే వాటిలో అందరూ ఎప్పుడూ సంతోషంగానే ఉన్నట్టు రాశారని విమర్శ కూడా వచ్చింది. ఆ విమర్శ సబబే అనిపిస్తుంది నాకు. ఆ సంగతి కింద చెబుతాను.

అన్నిటికన్నా కష్టం, ఉద్యోగం చేయని ఆడవాళ్ల గురించి రాయడం. మగవాళ్లకైతే రిటైరైన రోజు ఆఫీసులో ఇచ్చిన సన్మాన పత్రమైనా దొరుకుతుంది. ఒకావిడ గురించి పిల్లలు ముగ్గురూ కలిసి నాకిచ్చిన సమాచారం ఇంతే: గృహిణి, ఓర్పు ఎక్కువ, మమ్మల్ని బాగా పెంచింది. ఆవిడ చేతిరాతతో ఇంట్లో ఏమైనా ఉందేమో చూడమన్నాను. బీరువా అడుగున ఏళ్లనాటి ఇంటి ఖర్చుల పుస్తకాలు దొరికాయి. ప్రతి నెలా ఒక పొడి అక్షరం పక్కన కొంత డబ్బు, దేనికో రాయలేదు. కూతురు ఆరా తీస్తే, ఒకప్పుడు పక్కింట్లో అద్దెకున్న వాళ్ల అమ్మాయి చదువు ఫీజు అని తేలింది. ఇంట్లో భర్తకు కూడా తెలియదు. ఆ అమ్మాయి ఇప్పుడు నర్సు. అచ్చు వేయొచ్చా అని ఆమెనే అడిగాం. వేయండి, కానీ నా పేరు వద్దు అంది. అలాగే వేశాం. ఖర్చుల పుస్తకం, ఉత్తరాలు, అల్లిక నమూనాలు, డైరీ వెనక ఫోన్ నంబర్లు, ఏది దొరికినా వదలకండి. పెద్ద పత్రికలదీ ఈ విషయంలో గొప్ప చరిత్రేమీ కాదు. 1851 నుంచి సంతాప వ్యాసాలు వేస్తున్న న్యూయార్క్ టైమ్స్, అందులో అత్యధికం తెల్లజాతి మగవాళ్లవేనని ఒప్పుకుని, వదిలేసినవాళ్ల గురించి 'ఓవర్‌లుక్డ్' శీర్షిక మొదలుపెట్టింది 2018 మార్చి 8న. అలా వదిలేసిన ఆడవాళ్లలో కొందరు పోయి అప్పటికే వందేళ్లు దాటింది.

ఒంటరిగా ఉండి పోయినవాళ్లకు ఎవరిని అడగాలి? వాచ్‌మన్‌ను, మందుల షాపతన్ని, లైబ్రరీలో కూర్చునే మనిషిని. మా దగ్గర ఎవరితోనూ కలవని ఒకాయన గురించి ఎక్కువ చెప్పింది లిఫ్ట్ బాగుచేసే కుర్రాడు. తను వచ్చినప్పుడల్లా పెద్దాయన దిగొచ్చి పక్కనే నిలబడేవారట, కాగితం మీద సర్క్యూట్ గీసి ఎక్కడ తేడా ఉందో వివరించేవారట. ఆయన ఎలక్ట్రికల్ ఇంజనీరన్న సంగతి ఆ కుర్రాడికి తప్ప మాలో ఎవరికీ తెలియదు.

ఇక లోపాల సంగతి. 'చనిపోయినవాళ్ల గురించి చెడు ఎందుకు' అని కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. చెడు రాయనక్కర్లేదు, కానీ కోపిష్టిని శాంతమూర్తిని చేస్తే చదివేవాళ్లు మిగతాది కూడా నమ్మరు. లండన్ డైలీ టెలిగ్రాఫ్‌లో 1986 నుంచి సంతాప వ్యాసాల విభాగం చూసిన హ్యూ మాసింగ్‌బర్డ్ ఈ ప్రక్రియ తీరునే మార్చారని పేరు. పదవుల జాబితా పక్కన పెట్టి మనిషిని ఉన్నదున్నట్టు చూపేవారు, దోషాన్ని కూడా తెలివిగా, నవ్వొచ్చేలా, కాస్త తగ్గించి చెప్పేవారు. మనకు అంత చమత్కారం అక్కర్లేదు. జరిగింది చెబితే చాలు. మా మాజీ ట్రెజరర్ గురించి 'ముక్కోపి' అని రాయకుండా, 'రసీదు లేని ఖర్చును ఎవరు తెచ్చినా, ప్రెసిడెంటు తెచ్చినా, అందరి ముందే తిప్పి పంపేవారు' అని రాశాం. చదివి ఆయన భార్యే నవ్వారు. ఆస్తి తగాదాలు, కోడళ్లతో మాటామాటా లాంటివి మాత్రం బతికున్నవాళ్లకు తగులుతాయి. వాటి జోలికి వెళ్లకండి.

చివరి జబ్బుకు ఒక్క వాక్యం చాలు. మతిమరుపు జబ్బుతో పోయినవాళ్ల విషయంలో ఇది మరీ అవసరం, ఎందుకంటే ఆ చివరి ఏళ్లు ఇంట్లోవాళ్ల బుర్రలో మొత్తం జీవితాన్ని కమ్మేసి ఉంటాయి.

తేదీలు అడిగి కాదు, కాగితం చూసి రాసుకోండి. స్కూలు రికార్డులో ఒక సంవత్సరం, ఇంట్లోవాళ్ల లెక్కలో ఇంకో సంవత్సరం ఉండటం ఆ తరంలో మామూలే. అయినా పుట్టిన సంవత్సరం వేస్తే చాలు. పూర్తి పుట్టినతేదీ, చిరునామా, తల్లి పేరు అన్నీ ఒకచోట అచ్చయితే పోయినవాళ్ల పేరుతో మోసాలు చేసేవాళ్లకు పని సులువవుతుంది. ముఖ్యంగా సంచికను వాట్సాప్‌లో కూడా పంపే ఆలోచన ఉంటే. అచ్చుకు ముందు పేజీని ఇంట్లోవాళ్లకు చూపించండి. వాస్తవాలు సరిదిద్దమనండి, విశేషణాలు చేర్చమని మాత్రం అడగకండి.

మీరు అడగలేదు కానీ, ఉన్నవాళ్ల దగ్గర ఇప్పుడే కూర్చోవడం మొదలుపెడితే వచ్చే ఏడాది ఈ తిప్పలుండవు. 'ముసలాయన పోతే ఒక గ్రంథాలయం తగలబడినట్టే' అన్న మాట మీరూ వినే ఉంటారు. మాలీ దేశపు రచయిత అమదూ హంపాతే బా 1960లో యునెస్కోలో అన్న మాట అలా చలామణీ అయింది. పెద్దలు బతికుండగానే వాళ్ల నోటి నుంచి వినేది రికార్డు చేయాలని ఆయన ఆరాటం. మనమేమో దాన్ని పోయాక మైకులో చెప్పడానికి దాచుకున్నాం. పెద్దవాళ్లు పాత కథలే తవ్వుకుంటుంటే అది మెదడు మందగించిన గుర్తని ఒకప్పుడు డాక్టర్లు కూడా అనుకునేవారు. అలా కాదు, జీవితాన్ని ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని సర్దుకోవడం ఆ వయసులో సహజమని అమెరికన్ మానసిక వైద్యుడు రాబర్ట్ బట్లర్ 1963లో రాశారు. కాబట్టి అడిగితే విసుక్కుంటారేమో అన్న టెన్షన్ వద్దు. ఒక్కసారి కదిపితే ఆపడమే కష్టం.

మామూలు మనుషుల మాటలు రికార్డు చేసి దాచడానికి అమెరికాలో 2003లో మొదలైన స్టోరీకోర్ అనే సంస్థలో పద్ధతి తేలిక. ఒకరికొకరు బాగా తెలిసిన ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని 40 నిమిషాలు మాట్లాడుకుంటారు, అది రికార్డవుతుంది. మేం దాన్నే పాటిస్తున్నాం. ఫోన్ చాలు. ఫ్యాన్ ఆపండి, టీవీ ఆపండి, ఫోన్‌ను మాట్లాడే మనిషికి దగ్గరగా పెట్టండి. అయ్యాక ఫైలును రెండు చోట్ల దాచండి, ఫోన్ పోతే అన్నీ పోతాయి. మనవరాలు అడిగితే చెప్పినంత కమిటీ సెక్రటరీ అడిగితే చెప్పరు, అది గుర్తుంచుకోండి. పాత ఫొటోలు బయటికి తీసినప్పుడు అందులో ఎవరెవరున్నారో ఎడమ నుంచి కుడికి అడిగి, వెనక మెత్తటి పెన్సిల్‌తో తేలిగ్గా రాయండి. బాల్‌పెన్ వద్దు, నొక్కితే ముందువైపు గీతలు తేలతాయి, సిరా కూడా దిగుతుంది. ఆ ఫొటోలో ఉన్నవాళ్లందరినీ గుర్తుపట్టగలిగే మనిషి చాలా ఇళ్లలో ఇప్పుడు ఒక్కరే ఉంటారు.

చివరగా మీ కమిటీ సంగతి. పేజీలు సమానంగా రావు, ఒకరికి ఒకటిన్నర వస్తుంది, ఇంకొకరికి ముప్పావు కూడా నిండదు. సాగదీయకండి, ఖాళీ ఉంటే ఉండనివ్వండి. వరసను హోదా ప్రకారం కాకుండా పోయిన తేదీ ప్రకారం పెట్టండి. ఫొటో సైజు మాత్రం అందరికీ ఒకటే ఉండాలి. ఇన్నేళ్లలో రాసినదాని మీద నాకు వచ్చిన ఫిర్యాదుల కన్నా ఫొటో చిన్నదైందని వచ్చినవే ఎక్కువ.