12345678987654321కి అందం తప్ప ఇంకేమైనా ఉందా?

ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే ఈ పెద్ద సంఖ్యకి లెక్కల్లో నిజంగా విలువ ఉందా, చూడ్డానికి బాగుంటుందంతేనా అని అడిగారు. ఉంది. నేను అంబాజీపేటలో హైస్కూలు పిల్లలకి లెక్కల ట్యూషన్ చెబుతాను. ఈ సంఖ్యంటే నాకు ఎప్పటినుంచో మమకారం.

పోయిన వానాకాలం తొమ్మిదో తరగతి పాప ఒకతి ఇదే పట్టుకొచ్చింది. "మాస్టారూ, ఇది తొమ్మిది ఒకట్ల (111111111) వర్గమంటండీ. నాన్నగారి కొట్లో ఎక్సెల్‌లో వేస్తే చివర 300 వస్తోంది" అంది. ఎక్సెల్ పదిహేను అంకెలే పట్టుకుంటుంది, తర్వాతవి సున్నాలు చేసేస్తుంది. దీనికి పదిహేడు అంకెలు మరి! సుద్దముక్క ఇచ్చి అరుగు మీద గుణకారం వేయమన్నాను. ఒకటితో గుణించడమే కాబట్టి ప్రతి వరసా అదే, ఒక్కో స్థానం ఎడమకి జరుగుతుంది. చోటు చాలక కొబ్బరికాయల గోతాం పక్కకి లాగాం. నిలువుగా కూడితే కుడి చివర ఒకటి, పక్కన రెండు, అలా నడిమికి తొమ్మిది, అక్కణ్ణుంచి మళ్ళీ తగ్గుతూ ఒకటి. ఎక్కడా పదికి చేరదు కనుక క్యారీ లేదు. పది ఒకట్లు పెడితేనో అంది. వేసింది. నడిమి నిలువులో పది వచ్చి క్యారీ వెళ్ళి 1234567900987654321 తేలింది. "పాడైపోయిందండీ!" అని అరిచి, ఎక్కడ పాడైందో తనే వేలు పెట్టి చూపించింది. స్థానవిలువ ఇంతకంటే బాగా ఏ గైడూ చెప్పలేదు. కోచింగ్ మెటీరియల్‌లో దీన్నే "ట్రిక్" అని ఒక్క లైన్‌లో పడేస్తారు, కారణం ఉండదు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

ఇది కొత్త సంగతీ కాదు. 9వ శతాబ్దంలో గణితవేత్త మహావీరాచార్యుడు గణితసార సంగ్రహంలో 12345654321ని ఒకటి నుంచి ఆరు దాకా పెరిగి మళ్ళీ తగ్గే సంఖ్యగా చెప్పాడు. అది ఆరు ఒకట్ల వర్గం. ఆ గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చింది పావులూరి మల్లన. రాజరాజ నరేంద్రుడు పావులూరి వారికిచ్చిన నవఖండవాడ మన పిఠాపురం దగ్గరే. రాజమండ్రి అనగానే నన్నయ పేరు చెప్పే పిల్లలకి మల్లన పేరు ఎవరూ చెప్పరు.

ఇక బళ్ళ ఫ్యాన్సీ నంబర్లు. మా బంధువొకాయన 7337 కోసం బోలెడు డబ్బు పోసి, ఇది దేనితోనూ భాగింపబడని నంబరని ఊరంతా చెప్పాడు. అంకెల సంఖ్య సరి అయితే ఎంత పెద్ద పాలిండ్రోమ్ (ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే సంఖ్య) అయినా 11తో పోతుంది. 11తో పోతుందో లేదో చూడ్డానికి అంకెల్ని ఒకటి కలుపుతూ ఒకటి తీసేస్తూ పోతాం కదా, బేసి స్థానంలో ఉన్న అంకెకి జత సరి స్థానంలో పడుతుంది, రెండూ కొట్టుకుపోతాయి. అందుకే వాటిలో 11 ఒక్కటే ప్రధాన సంఖ్య. 7337 అంటే 11, 23, 29ల లబ్ధం.

మీ సంఖ్యలో అంకెల సంఖ్య బేసి, దానికి ఆ హామీ లేదు. తొమ్మిది ఒకట్లను 11తో భాగిస్తే 1 మిగులుతుంది, వర్గం చేసినా 1 మిగులుతుంది. దాన్ని విడగొడితే వచ్చే ప్రధాన సంఖ్యలు మూడే: 3, 37, 333667.