ప్రేమికుల రోజు కథ రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

ప్రేమికుల రోజు ఎలా పుట్టిందో సరదాగా కల్పించి నువ్వు రాసిన కథ చదివాను. వాక్యం హాయిగా నడిచింది. కానీ రోమ్ చక్రవర్తి క్లాడియస్ సైనికుల పెళ్ళిళ్ళు ఆపేయడం, వాలెంటైన్ అనే క్రైస్తవ సాధువు చాటుగా పెళ్ళిళ్ళు జరిపించడం, జైలు అధికారి కూతురికి ఆఖరి ఉత్తరం రాయడం, ఇవన్నీ నీకంటే ముందే ఎవరెవరో కల్పించేశారమ్మా. ఆ వాలెంటైన్ గురించి గట్టిగా తెలిసింది ఎంత తక్కువంటే, 1969లో కాథలిక్ చర్చి తన సాధారణ క్యాలెండర్‌లోంచి ఆయన పండుగనే తీసేసింది. ఎవరో అతికించినదాన్ని నువ్వు మళ్ళీ అతికిస్తే ఏం లాభం?

ఆ తేదీకి ప్రేమను ముడిపెట్టిన ఘనత ఒక కవికే ఇస్తాను. 14వ శతాబ్దంలో ఇంగ్లండు కవి చాసర్, వాలెంటైన్ రోజున పక్షులన్నీ చేరి జోడీలు ఎంచుకుంటాయని పద్యం రాశాడు. 1477 నాటికి మార్జరీ బ్రూస్ అనే అమ్మాయి తను కోరుకున్నవాణ్ణి 'నా వాలెంటైన్' అంటూ ఉత్తరం రాసింది, అదీ కట్నం దగ్గర సంబంధం తేలక నలుగుతున్నప్పుడు! కల్పన మనుషుల బతుకుల్లోకి అలా వచ్చేస్తుంది. అందుకే నీ పనిని నేను తేలిగ్గా తీసుకోను.

ఇప్పుడు అసలు సంగతి. రోమ్‌లో సాంతా మరియా ఇన్ కాస్మెడిన్ అనే చర్చి ఉంది. లోపల అద్దం వెనక, పూలకిరీటం పెట్టిన పుర్రె. వాలెంటైన్‌దే అంటారు. అదే చర్చి వసారాలో, గోడకు ఆనించి పెద్ద గుండ్రటి రాతి ముఖం. అబద్ధాలకోరు దాని నోట్లో చెయ్యి పెడితే కొరికేస్తుందని చెప్పుకుంటారు. ఇవాళ్టికీ టూరిస్టులు క్యూ కట్టి మరీ చెయ్యి పెడతారు. ప్రేమికుల సాధువు లోపల, అబద్ధాలు పట్టే నోరు బయట! ఈ రెండూ ఒకే కప్పు కిందికి ఎందుకొచ్చాయో నువ్వు కల్పించు.

నాకైతే ఇలా తోస్తోంది. ఆ ఊళ్ళో ప్రేమిస్తున్నానని చెప్పాలంటే రాతి నోట్లో చెయ్యి పెట్టే చెప్పాలి. చెయ్యి క్షేమంగా బయటికొచ్చినవాళ్ళు లోపలికెళ్ళి ఆ పుర్రెకు పూలు పెడతారు. ఒక కుర్రాడికి అబద్ధం లేదు కానీ టెన్షన్ ఎక్కువ. చెయ్యి వణికి, నోట్లో పెట్టలేక, చెప్పాల్సింది కాగితం మీద రాసిచ్చేశాడు. అదే మొదటి గ్రీటింగ్ కార్డు. ఇది నీకిచ్చేశాను, వాడుకో.

ఒక్కటి మాత్రం పట్టించుకో. 'చరిత్రకారుల ప్రకారం' అని ఎక్కడా రాయకు, దొంగ సంవత్సరం వెయ్యకు. రేపు వాట్సాప్‌లో అదే నిజమై తిరుగుతుంది. చదివేవాళ్ళకు ఇది ఆట అని మొదటి పేరాలోనే తెలియాలి. ఆ తర్వాత ఎంత దూరం తీసుకెళ్ళినా నీ వెంట వస్తారు.

ఫిబ్రవరి లోపల తిరగరాసి పంపు. ఆ కుర్రాడు కాగితం మీద ఏం రాశాడో ఫోన్‌లో చెప్పెయ్యకు, కథలోనే చదువుకుంటాను.